నేనే వేశానన్నాడు

జ్యూరీ గదిలోంచి చీటీ వచ్చిందని మైలో వచ్చి చెప్పేసరికి కోర్టులో అన్న ప్రతి మాటా మెషిన్ మీద రాసే రిపోర్టరు ఆర్డిస్ బ్రెక్కె ఫ్లాస్కులోంచి బంగాళాదుంప సూపు కప్పులోకి వంచుకుంటోంది. ఆ సూపు అలాగే చల్లారి మీద తెట్టు కట్టింది. మళ్ళీ దాని వంక చూడలేదామె. మైలో జ్యూరీకి కాపలా ఉండే పెద్దాయన, ఓపిక ఉన్నన్నాళ్ళూ గోధుమ పండించి, పొలం కొడుక్కి అప్పగించి ఈ కొలువులో చేరినవాడు. గుమ్మానికి ఆనుకుని నిలబడి, "డారెల్ సాక్ష్యం మళ్ళీ వినిపించమంటున్నారమ్మా. అదే, ఆ షెడ్డులో మాట. జడ్జిగారు నిన్ను సిద్ధంగా ఉండమన్నారు. లాయర్లకి ఫోన్లు చేస్తున్నారు, ఈ మంచుగాలిలో వాళ్ళొచ్చి చేరేసరికి గంట పడుతుంది," అన్నాడు. గంట. ఆమె తల ఊపి, ఆయన వెళ్ళాక తలుపు మూసి, కంప్యూటర్ తెర తన వైపు తిప్పుకుంది. ఆ చోటు వెతకక్కర్లేదు. నిన్నటినుంచి ఆ పేజీ దాటి ముందుకి పోలేదు. ప్రశ్న: షెడ్డులోకి వెళ్ళాక లీలండ్ మీతో ఏమన్నాడు? జవాబు: లీలండ్ నా వంక చూసి నేనే స్విచ్చి వేశానన్నాడు.

నేనే. ఏ నేనే? మొన్న డారెల్ బోనులో కూర్చుని ఆ మాట అంటున్నప్పుడు అది ఆమె చెవిలోంచి వేళ్ళలోకి, వేళ్ళలోంచి మెషిన్లోకి జారిపోయింది, అన్ని మాటల్లాగే, అర్థం కోసం ఆగకుండా. ఆగితే వెనకబడిపోతారు, పాతికేళ్ళుగా ఈ కుర్చీలో ఆమె నేర్చుకున్నదంతా ఆగకపోవడమే. ఎదుటివాడు తన మాటే చెప్తున్నాడో, ఇంకొకడి మాట వాడి నోటితోనే వినిపిస్తున్నాడో చెవికి తెలిస్తే కొటేషన్ గుర్తు కొట్టడానికి వేరే మీట ఉంది, బొటనవేలు దానంతటదే పోతుంది దాని మీదికి. మొన్న పోలేదు. ఎందుకు పోలేదో ఆమెకే తెలియదు. లీలండ్ నా వంక చూసి, "నేనే స్విచ్చి వేశాను" అన్నాడు. అలా పెడితే ముద్దాయి లీలండ్ తప్పు ఒప్పుకున్నట్టు, వేడ్ ఆస్ట్‌బీ గాదెలో దిగి గడ్డకట్టిన మొక్కజొన్నని కర్రతో పొడుస్తున్నాడని తెలిసి కూడా, కింద లారీ తొందరపెడుతోందని, గింజ లాగే మరకి స్విచ్చి వేసి మనిషిని గింజల్లోకి మింగించినట్టు. గుర్తులు తీసేసి ఒక్క గుక్కలో చదివితే, లీలండ్ డారెల్ వంక చూసి, వేసింది నువ్వే అన్నట్టు. నువ్వే వేశావన్నాడు అని చెప్పాల్సింది డారెల్ తన వైపునుంచి నేనే వేశానన్నాడు అని చెప్పాడేమో. ఒక్క సాక్షి, ఒక్క వాక్యం. లోపల జ్యూరీ గదిలో పన్నెండుమంది నిన్నటినుంచి కాఫీలు తాగుతూ కొట్టుకు చస్తున్నది దీని మీదే అయుంటుంది.

అసలీ కేసు పుట్టిందే ఆ గుర్తుల్లోంచి కదా అనిపించింది ఆమెకి. ఆ రోజు, గాదె గోడని రంపంతో కోసి వేడ్ శవాన్ని బయటికి తీసిన రోజు, షెరీఫ్ మనిషి డారెల్‌ని జీపులో కూర్చోబెట్టి అడిగి తన చేతిరాతతో రాసుకున్నాడు, రెండు వైపులా గుర్తులు పెట్టి మరీ. అదే ప్రాసిక్యూటర్ కిర్‌స్టెన్ ఆమట్‌కి చేరింది. మొదటి రోజు ఆవిడ జ్యూరీ ముందు నిలబడి చేత్తో ఛాతీ తట్టుకుంటూ, "నేనే స్విచ్చి వేశాను, అన్నాడు లీలండ్ షుమాకర్," అని చెప్పింది. అప్పటినుంచి ఆ గదిలో అందరి చెవులూ ఆ మాట కోసం సిద్ధమై కూర్చున్నాయి. డారెల్ ఆ మాట అనగానే డిఫెన్సు లాయరు లేచి అభ్యంతరం అన్నాడు, ఆవిడ కాదంది, జడ్జిగారు ఇద్దర్నీ దగ్గరికి పిలిచారు, ఆ తర్వాత విరామం. మళ్ళీ కూర్చున్నాక ప్రశ్నలు లారీ మీదికీ, తాళం ఎవరి దగ్గరుంటుందన్న దాని మీదికీ పోయాయి. ఆ వాక్యం దగ్గరికి ఎవరూ వెనక్కి రాలేదు. సందేహం ఉన్నవాళ్ళు గదా వెనక్కి వస్తారు.

నిన్న సాయంత్రం కిర్‌స్టెన్ ఫోన్ చేసింది. కసురుకోలేదు, ఆవిడ కసిరే మనిషి కాదు. "ఆర్డిస్‌గారూ, డారెల్ జవాబులో కొటేషన్లు జారిపోయాయి. చూసుకున్నారా?" అంది. "జారిపోలేదండీ, పెట్టలేదు," అంది ఆర్డిస్. "అందరం అక్కడే ఉన్నాం కదా. అందరం విన్నాం కదా," అంది కిర్‌స్టెన్. "నా నోట్సు చూస్తాను," అంది ఆర్డిస్. నోట్సు చూసింది, ఏమీ లేదు. మెషిన్‌తోపాటు రికార్డయిన గొంతు ఉంది, అది వింది, చెవులకి హెడ్‌ఫోన్ చిప్పలు రెండూ తగిలించుకుని, కళ్ళు మూసుకుని. లీలండ్ నా వంక చూసి, అక్కడ దగ్గు. జనంలోంచి ఎవరో దగ్గారు. సరిగ్గా ఆ మాటకీ ఈ మాటకీ మధ్య, డారెల్ ఆగాడా లేదా అన్నది తేలాల్సిన ఆ కాస్త చోటులో, పొడి దగ్గు ఒకటి. నేనే స్విచ్చి వేశానన్నాడు. ఆగినట్టనుకుని వింటే ఆగాడు. ఆగనట్టనుకుని వింటే ఆగలేదు. చివరికి దగ్గు తప్ప ఇంకేమీ వినబడటం మానేసింది, ఆడమనిషి దగ్గు, రెండో వరసలోంచి. అక్కడ కూర్చునేది జాయిస్, లీలండ్ భార్య, డారెల్‌కి సొంత అక్క. ఒక పక్క మొగుడు, ఒక పక్క తమ్ముడు. గొంతు ఎండిపోవడానికి ఆమెకి వేరే కారణం అక్కర్లేదు.

ఫార్గోలో ఈ పని నేర్పిన డాల్ టీచరు తెల్లటి పొట్టి మనిషి, క్లాసులో ఎప్పుడూ స్వెటర్ చేతులు పైకి మడుచుకుని తిరిగేది. ఆవిడ బల్లల మధ్య నడుస్తూ, మీకు తెలిస్తేనే గుర్తు పెట్టండి, తెలియకపోతే కామా కూడా పెట్టకండి, మీ కామా ఒకణ్ణి జైలుకి పంపించొచ్చు అనేది. అందరూ నవ్వేవాళ్ళు, ఇరవయ్యేళ్ళ పిల్లలకి జైలు నవ్వులాటే. గుర్తు లేనప్పుడు కాగితం మీద వదిలేయవచ్చు సరే, చదివేవాడు తన తిప్పలు తను పడతాడు. గట్టిగా చదివి వినిపించమంటే ఏం చేయాలో ఆవిడ చెప్పలేదు. చెప్పిందేమో, ఆ రోజు ఆర్డిస్ రాలేదేమో. కాగితం మీద వదిలేయగలిగినదాన్ని గొంతులో వదిలేయడం ఎలా? లీలండ్ నా వంక చూసి నేనే స్విచ్చి వేశానన్నాడు. ఆమె పెదాలు కదిపింది. ఒక్క గుక్కలో. ఇలా చదివితే డారెల్. మళ్ళీ, చూసి తర్వాత ఊపిరి తీసుకుని. ఇలా చదివితే లీలండ్. మధ్యరకంగా, మాట మాటకీ సమానంగా విడదీసి, బడిలో పిల్లలు ఒప్పజెప్పినట్టు చదివి చూసింది. అలా చదివితే అన్ని చోట్లా ఆగినట్టే, అక్కడా ఆగినట్టే, మళ్ళీ లీలండే. ఎలా చదివినా ఎవరో ఒకరు దొరికిపోతున్నారు. కిటికీ అద్దం అవతల తెల్లగా తప్ప ఏమీ లేదు.

పోనీ చెవి ఏమంటోంది? మొన్నటి చెవి, దగ్గు వినకముందు చెవి. బొటనవేలు పోలేదంటే చెవికి ఏదో తెలిసే ఉండాలి. గొంతు మారలేదు డారెల్‌ది. ఇంకొకడి మాట చెప్పేటప్పుడు ఎంత మొద్దుమనిషైనా గొంతు కొంచెం మారుస్తాడు, తాతయ్యల మాట చెప్పేటప్పుడు నాన్న మార్చినట్టు, పాలవాడి మాట చెప్పేటప్పుడు పిల్లలు మార్చినట్టు. డారెల్ మార్చలేదు, తన గొంతుతోనే అన్నాడు, నేల చూసి. కానీ ఈ చెవిని నమ్మొచ్చా? లీలండ్ ఎవరు? ఆమె భర్త వాన్ చనిపోయిన ఏడాది, ఆమె కారు కల్వర్టు పక్క గోతిలో దిగిపోతే, ట్రాక్టర్ తెచ్చి గొలుసు కట్టి లాగి, కాఫీకి రమ్మంటే బూట్లకి బురద అని గుమ్మం బయటే నిలబడి తాగి వెళ్ళినవాడు. ఆ ఒక్కసారే. ఆ తర్వాత చర్చి విందుల్లో ప్లేటు పట్టుకుని ఎదురుపడితే తల ఊపడమే. ఆ బురద బూట్లే ఆ రోజు బొటనవేలిని పట్టుకుని ఆపాయేమో. వేడ్ తల్లి బెర్నీస్ రోజూ మొదటి వరసలో కోటు విప్పకుండా కూర్చుంటుంది. ఆమెకి ఏం చెప్తుంది, చెవికి అలా అనిపించిందనా?

అమ్మ పోయినప్పుడు మైనాట్ నుంచి చెల్లెలు జనెల్ ఫోన్ చేసి చెప్పిన మాట గుర్తొచ్చింది. గుర్తు రాకూడదనుకున్నదే. దారి మూసుకుపోయి ఆర్డిస్ చేరలేకపోయింది, జనెల్ ఒక్కతే ఉంది ఆసుపత్రిలో. ఏడుపు మధ్యలో అంది: అమ్మ చివర్లో నేనే ఆర్డిస్‌ని దూరం చేశానందే. అంతే. ఆ మాటని ఆర్డిస్ అప్పటినుంచీ చలికాలం దుప్పటిలా కప్పుకుని బతికింది. అమ్మ ఒప్పుకుంది, మాటాడకుండా గడిపిన ఆ ఏళ్ళన్నిటికీ చివర్లో ఒప్పుకుంది, నేనే దూరం చేశాను అని. ఎన్ని రాత్రులు దాన్ని తల్చుకుని నిద్రపోయిందో. ఇప్పుడు ఈ తెర ముందు కూర్చుంటే ఆ వాక్యం కూడా దాని పక్కకొచ్చి కూర్చుంది, గుర్తులు లేకుండా. అమ్మ తనని అనుకుందా, జనెల్‌ని తిట్టిందా? నువ్వే ఆర్డిస్‌ని దూరం చేశావే అని చచ్చిపోతూ చెల్లెల్ని తిట్టి ఉంటే, జనెల్ ఏడ్చింది అమ్మ కోసం కాదేమో. ఇన్నేళ్ళలో ఒక్కసారి ఎందుకు అడగలేదు? తెలియక కాదు. తెలిసే. కొటేషన్లు తనే పెట్టుకుంది, తనకి వెచ్చగా ఉన్నచోట. అడిగితే ఉన్న దుప్పటి ఊడిపోతుందని అడగలేదు. ఇది తప్పా అంటే తప్పు కాదు, అందరూ చేసేదే, వరండాలో ఆ పన్నెండుమందిని నిలబెట్టి అడిగినా అందరి దగ్గరా ఒకటి ఉంటుంది ఇలాంటిది. కానీ ఇంట్లో పెట్టుకున్న గుర్తుకి ఎవడూ జైలుకి పోడు.

నీళ్ళు కావలసి వరండాలోకి వచ్చింది. వచ్చి ఉండకూడదు. బెర్నీస్ ఒక బల్ల మీద, చాలా దూరంగా ఇంకో బల్ల మీద జాయిస్, మధ్యలో గోడకి ఆనుకుని నిలబడి డారెల్. సాక్ష్యం అయిపోయినా రోజూ వస్తున్నాడు, పని మానేసి. టోపీ చేతిలో నలుపుతున్నాడు. ఆమె కుళాయి దగ్గర వంగి లేచేసరికి పక్కనే ఉన్నాడు, మీసం మీద మంచు కరిగి నీరవుతోంది. "ఆర్డిస్, నేను చెప్పింది చెప్పినట్టే చదువుతావుగా?" అన్నాడు. బతిమాలుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టూ లేదు. సాక్షితో మాట్లాడకూడదు. "డారెల్, నాతో మాట్లాడకు," అంది. "అదే. చెప్పినట్టే," అని మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు. వెనక జాయిస్ లేచి నిలబడి వాళ్ళిద్దర్నీ చూస్తోంది. ఆ చూపులో ఏముందో చదవకూడదనుకుని ఆర్డిస్ గ్లాసు కూడా అక్కడే వదిలేసి నడిచింది, కాళ్ళు జడ్జిగారి గది వైపు ఎప్పుడు తిరిగాయో తెలియలేదు. చెప్పినట్టే. తప్పుగా వినొద్దనా, అందరూ విన్నట్టే వినమనా?

జడ్జి వెంజ్ గదిలో లాయర్లిద్దరూ అప్పటికే ఉన్నారు. డిఫెన్సు లాయరు నీల్ ప్రౌటీ బూట్ల మీది మంచు గుమ్మంలో దులుపుతున్నాడు. జడ్జిగారు ఊళ్ళో అందరికంటే పొడుగు, కూర్చున్నా నిలబడ్డట్టుంటారు.

"సిద్ధమేనా ఆర్డిస్?"

"సిద్ధమే జడ్జిగారూ. ముందు ఒక మాట. నేను దీన్ని చదవలేను."

"అంటే?"

"చదివితే నేను సాక్ష్యం చెప్పినట్టవుతుంది."

కిర్‌స్టెన్ మెల్లిగా, "నిన్న నేను ఫోన్ చేశానని చెప్పాలి జడ్జిగారూ, కొటేషన్ల గురించి," అంది. దాచుకోకుండా అన్నందుకు ఆర్డిస్‌కి ఆవిడ మీద గౌరవం కలిగింది. జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "నీ నోట్సులో ఏముందో అది, ఆగకుండా చదివెయ్. అర్థం చెప్పడం నీ పని కాదు కదా."

"కాదనే వచ్చాను. ఆగకుండా చదివితే స్విచ్చి వేసింది డారెల్. ఆగితే లీలండ్. వినండి." రెండుసార్లు చదివింది. మొదటిది ఒక్క గుక్కలో, రెండోది ఊపిరి తీసుకుని. రెండోసారి చదవడం అయ్యేలోపే ప్రౌటీ కుర్చీలో కూలబడ్డాడు.

"నేనొక్కటే విన్నాను మొన్న," అంది కిర్‌స్టెన్.

"నేనూ," అన్నాడు ప్రౌటీ. "లీలండ్‌ని అడిగాను, నువ్వలా అన్నావా అని. అనవలసింది అన్నాను, అన్నాడు. ఇంక నోరు విప్పడు."

జడ్జిగారు కిటికీలోకి చూస్తూ, "నాకూ ఒకటే వినపడింది. నీకేం వినపడింది ఆర్డిస్?" అన్నారు.

ఇదే, దీనికే గంటసేపు భయపడింది. బురద బూట్లు గుర్తొచ్చాయి, దుప్పటి గుర్తొచ్చింది. "అది మాత్రం అడక్కండి," అంది. "నా మనసులో ఉన్నది రికార్డు కాదు. ఆ మనిషి బయట వరండాలో ఉన్నాడు. అతన్నే అడగండి."

జ్యూరీ లోపలికి వెళ్ళిపోయాక మళ్ళీ సాక్షిని పిలవడం జడ్జి వెంజ్ తన జన్మలో చేయలేదు. ప్రాసిక్యూటర్ ఒప్పుకోకపోతే ఈ రోజూ చేసేవారు కాదు. కిర్‌స్టెన్ గోళ్ళు చూసుకుంటూ కూర్చుని, కూర్చుని, చివరికి, "నాకు అభ్యంతరం లేదు. నాకూ తెలియాలి," అంది.

అందరూ వచ్చి కూర్చున్నారు. జ్యూరీ వాళ్ళు వరసగా, చదవబోతున్నారనుకుని చేతులు కట్టుకుని. లీలండ్ తన బల్ల దగ్గర, కోర్టు కోసం కొన్న కోటు భుజాల దగ్గర బిగుసుకుపోయి. డారెల్ బోనెక్కేటప్పుడు అతను మొదటిసారి తల ఎత్తి, వద్దన్నట్టు అడ్డంగా ఆడించాడు. ఆర్డిస్ చూసింది. వేళ్ళు మీటల మీద పెట్టి కూర్చుంది. జడ్జిగారు డారెల్‌కి నెమ్మదిగా చెప్పారు, నీ మీదికొచ్చే జవాబు అయితే చెప్పనక్కర్లేదు, ముందు లాయర్ని పెట్టుకుంటానంటే ఇక్కడితో ఆపేస్తాను అని. డారెల్, "ఎందుకండీ, చెప్పిందే కదా," అన్నాడు. జడ్జిగారు ఒకే ప్రశ్న అడిగారు. షెడ్డులో లీలండ్ ఏమన్నాడని చెప్పావు?

"లీలండ్ నా వంక చూసి నేనే స్విచ్చి వేశానన్నాడు."

మళ్ళీ అదే. అక్షరం మారలేదు. ఆమె వేళ్ళు అదే కొట్టాయి. ఈసారి దగ్గు లేదు, అయినా తేలలేదు, ఎందుకంటే డారెల్ అన్ని మాటలూ అలాగే అంటాడు, నేలకి చెప్పినట్టు. "నేనే అంటే ఎవరు డారెల్?" అన్నారు జడ్జిగారు. డారెల్ టోపీ ఉన్న చేతిని ఎత్తి తన రొమ్ముకి ఆనించుకున్నాడు.

కోర్టంతా చూసింది. రికార్డులో మాత్రం ఏమీ లేదు. చేతికి మీట లేదు. ఎవరో ఒకరు దాన్ని మాటల్లో పెట్టాలి, సాక్షి తనని చూపించుకున్నాడు అని ఒక లాయరైనా అనాలి. ప్రౌటీ కుర్చీలోంచి లేవలేదు. కిర్‌స్టెన్ కూర్చున్న చోటే తెల్లబోయింది. ఇద్దరి మొహాలూ చూసి, జడ్జిగారి మొహం చూసి, ఆర్డిస్ వేళ్ళు ఎత్తింది. జవాబు వినపడనప్పుడు రిపోర్టరు అడగొచ్చు, అదొక్కటే ఆమెకున్న హక్కు, అరుదుగా వాడుతుంది.

"నోటితో చెప్పాలి డారెల్," అంది. "చేతిని నేను రాసుకోలేను."

అతను ఆమె వంక చూశాడు, జడ్జి వంక కాదు. "నేను," అన్నాడు. "లీలండ్ కాదు. లోపల వేడ్ ఉన్నాడని నాకు తెలీదు. పైకెక్కి చూడాలి, చూడలేదు. లీలండ్ షెడ్డులోకి లాక్కెళ్ళి, నువ్వే వేశావురా, ఇంక నోరు మూసుకో, నేను చూసుకుంటాను అన్నాడు. ఆ సాయంత్రం జీపులో ఉన్నదున్నట్టే చెప్పాను. వాళ్ళు ఇంకోలా రాసుకున్నారు. ఇక్కడా చెప్పాను. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోతే..." ఆగిపోయాడు. ఆర్డిస్ అంతా రాసింది. నువ్వే వేశావురా దగ్గర బొటనవేలు దానంతటదే పోయి గుర్తు పెట్టి, చూసుకుంటాను దగ్గర మూసింది. బెర్నీస్ లేచి, కోటు ఎలాగూ విప్పలేదు కనక, ఎవరి వంకా చూడకుండా నడిచి బయటికి వెళ్ళిపోయింది. జాయిస్ కదలలేదు.

పొద్దు గుంకకముందే జ్యూరీ లీలండ్‌ని నిర్దోషి అంది. డారెల్ షెరీఫ్ మనిషితోపాటు వెనక తలుపులోంచి వెళ్ళాడు, సంకెళ్ళు లేకుండా, మాట్లాడుకుంటూ పోతున్న ఇద్దరు మనుషుల్లా. వసంతంలో అతని మీద చిన్న కేసే పెట్టారు, పైకెక్కి చూడనందుకు. అదంతా తర్వాత. ఆ సాయంత్రం గది ఖాళీ అయిపోయాక ఆర్డిస్ మెషిన్ విప్పి పెట్టెలో పెట్టుకుంటుంటే లీలండ్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. థాంక్స్ చెప్తాడనుకుని ఆమె సిగ్గుపడింది.

"నిన్నెవరడిగారు?" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. "తల్లి పోతే వాణ్ణి మా ఇంటికి తెచ్చుకున్నప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. నేను మోసుకుంటానన్నాను. మోసేవాణ్ణి. జాయిస్ ఇప్పుడు నా మొహం చూడట్లేదు, వాడి మొహం చూడట్లేదు. ఎవరికి మేలు జరిగింది, చెప్పు."

అప్పుడు గమనించింది ఆర్డిస్, తన వేళ్ళు ఒట్టి బల్ల మీద చప్పుడు లేకుండా కదులుతున్నాయి, అతనన్న ప్రతి మాటా కొడుతూ. లీలండ్ కూడా అవే చూస్తున్నాడు. ఆమె చేతులు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పు లీలండ్," అంది. "రాసుకోను."

అతను ఎదురుగా సాక్షి కుర్చీ ఉన్నా అందులో కూర్చోకుండా, దాని కింది మెట్టు మీద కూర్చున్నాడు.